నేల దిగిన ఇల్లు

సబ్రియా రోజూ పొద్దున్నే లేచి, టీ పెట్టుకుని, తాగడం మరిచిపోయి, గడప మీద కూర్చుని కాళ్ళు వేలాడేసి వీధిలోకి జారేది. ఇల్లు నేలకి మోకాలెత్తున తేలుతూ ఉండేది మరి. పెనిమిటి నహూమ్ పోయాక, సంతాపదినాలు ముగిసి చుట్టాలు లేచి వెళ్ళగానే, అది జానెడు లేచింది. ఎండాకాలం వెళ్ళేసరికి ఇంత ఎత్తయింది. జెరూసలేంలోని ఆ కుర్దు యూదుల సందులో ఎవరూ దాన్ని వింతగా చూడలేదు. నీళ్ళ పైపు చాలకపోతే కుళాయి పనివాడు రబ్బరు గొట్టం అతికించి పోయాడు. గుడ్లు అమ్మే పక్కింటి నజీమా మాత్రం, "ఇలాగే పోతే నీకు గుడ్లివ్వడానికి నిచ్చెన కొనుక్కోవాలి వదినా," అనేది. సబ్రియా నవ్వేది కాదు. కోపగించుకునేదీ కాదు.

ఏడవలేదు కూడా. కూరలో ఉప్పు పడిందో లేదో నాలిక చెప్పేది కాదు. ఓసారి వేడి మూకుడు పట్టుకుంటే, చెయ్యి కాలిన సంగతి వాసన వచ్చాకే తెలిసింది. నహూమ్ గుర్తొచ్చినా ఎవరి మొగుడో అన్నట్టు ఉండేది.

హైఫాలో ఉండే అన్న జక్కయ్ కబురు పెట్టాడు. హనుక్కా పండగ మొదటి దీపం రోజు సాయంత్రం లారీ తెస్తాను, సామాను సర్దుకో, ఆ ఇల్లు ఎవరికైనా ఇచ్చేద్దాం అని. సరేనంది. ఎవరేమన్నా సరేననేది.

ఆ రోజు మధ్యాహ్నం మంత్రసాని ఖాతూనవ్వ వచ్చింది. ఆ సందులో సగం మంది ఆవిడ చేతుల్లోనే పుట్టారు, సబ్రియాతో సహా. చెయ్యి అందిస్తే ఆయాసపడుతూ గడప ఎక్కి, కట్టిన మూటల మీదే చతికిలబడింది.

"దీపం కుందె ఏదే?"

"మూటలో ఉంది."

"పండగపూట దీపం మూటలోనా? హనుక్కా అంటే ఏమిటో తెలుసా నీకు?"

"దీపాలు, నూనె, వేయించిన పిండివంటలు," అంది సబ్రియా, పాఠం అప్పచెప్పినట్టు.

"అవన్నీ తర్వాత. ఆ మాటకి ప్రతిష్ఠ అని అర్థం. శత్రువులు గుడిని మైలపరిస్తే మనవాళ్ళు ఊడ్చి, కడిగి, ఇది మళ్ళీ మాదే అని చెప్పుకున్నారు. కొత్తింట్లో దిగినప్పుడు చేసేదానికీ అదే పేరు. మీరు చేశారా?"

సబ్రియా ఆలోచించింది. నహూమ్ తాపీమేస్త్రీ. ఈ ఇల్లు తన చేతులతోనే కట్టాడు. గోడకి సున్నం వెయ్యాలి, కిటికీకి రంగు వెయ్యాలి, అన్నీ అయ్యాక అందరినీ పిలుద్దాం అని ఏళ్ళ తరబడి అంటూనే ఉన్నాడు.

"చేయలేదవ్వా."

"అదీ సంగతి. కట్టినవాడు పోయాడు. ఉన్నదానివి నువ్వెవరో దీనికి తెలీదు. ఎలా నిలుస్తుంది పాపం?" అవ్వ జేబులోంచి ఖర్జూరం తీసింది. "హనుక్కా అన్న మాట ఎక్కడ పుట్టిందో మా అమ్మ చెప్పేది. హనక్ అంటే అంగిలి. పుట్టిన బిడ్డ అంగిలికి ఖర్జూరం నమిలి రాస్తాం చూడూ, అక్కణ్ణించి. లోకంలో తొలి రుచి. మొదలుపెట్టడమంటే అదే. నీకూ నేనే పెట్టాను. పట్టు, నమిలి దీనికి పెట్టు."

"ఇంటికి నోరెక్కడుందవ్వా?"

"రోజూ పొద్దున్నే నిన్ను కక్కుతోంది కదే, అక్కడ!"

సబ్రియా నమిలింది. మట్టిలా అనిపించింది. ఆ ముద్దని వేలితో తీసి ద్వారబంధం పైన, లోపలివైపు రాసింది. రాతి మీద నహూమ్ ఉలి గాట్లు వేలికి తగిలాయి.

"నేను సబ్రియాని," అంది, ఏమనాలో తెలియక. "ఇక్కడే ఉంటాను." అనుకుని అన్నది కాదు, నోరు జారింది.

అలమారలో గ్లాసులు గణగణమన్నాయి. నిండు చూలాలు మంచం మీద కూర్చున్నట్టు, ఇల్లు మెల్లగా, జాగ్రత్తగా దిగి పునాది మీద కూర్చుంది. బయట నజీమా కోడిని అదిలించింది. "పక్కకి పోవే, ఇల్లు దిగుతోంది."

ఖర్జూరం తీపి అప్పుడు తెలిసింది సబ్రియాకి, గొంతులో.

పొద్దు వాలాక జక్కయ్ లారీ దిగాడు. తలుపు పక్కన ఒక్క వత్తి వెలుగుతోంది.

"మూటలేవే?"

"విప్పేశానన్నయ్యా. లోపలికి రా. సందులో అందరినీ భోజనానికి పిలిచాను."

"హైఫా వచ్చేస్తానన్నావుగా?"

"నువ్వు రమ్మన్నావు. నేను సరేనన్నాను. అంతే."

జక్కయ్ ఆమె మొహంలోకి చూసి, లారీవాణ్ణి పంపేశాడు. సబ్రియా పీట వాల్చుకుని ఉల్లిపాయలు తరుగుతూ ఏడ్చింది. బుట్ట ఖాళీ అయింది. జక్కయ్ ఆమె చేతిలోంచి కత్తి తీసి పక్కన పెట్టాడు. ఆమె ఏడుస్తూనే ఉంది.