ఎవరూ చనిపోని పుస్తకం

"ఈ బహుమతులిచ్చేవాళ్ళకి ఇదేం పోయేకాలమండీ! తల్లి చచ్చిపోతే గాని పతకం ఇవ్వరా?"

పిన్ని ఆ మాట అన్నది లైబ్రరీలో, అదీ పిల్లల విభాగంలో, అందరూ తలలు తిప్పి చూసేంత గట్టిగా. చేతిలో ఉన్న నవలని బల్ల మీద పడేసింది. దాని అట్ట మీద గుండ్రంగా బంగారు రంగు బిళ్ల అంటించి ఉంది. పిల్లల నవలల్లో బహుమతి కొట్టిందని గుర్తు.

లైబ్రేరియన్ నిదానస్తుడు. "అన్నిట్లోనూ తల్లే పోదమ్మా. ఇదిగో, ఇందులో తాతగారు పోతారు. ఇందులో కుక్క. కుక్కయితే పర్లేదా?"

"కుక్కా వద్దు, పిల్లీ వద్దు. ఎవరూ చనిపోనిది ఒక్కటివ్వండి, మీకు పుణ్యముంటుంది."

"బిళ్ల లేనివాటిలో బోలెడున్నాయి."

"మా పిల్లకి బిళ్లవే కావాలి కదా!"

అదీ చిక్కు. పిల్లంటే ఆమె అక్క కూతురు. పదమూడేళ్ళది, సన్నగా ఉంటుందని ఇంటిల్లిపాదీ 'పిట్ట' అంటారు. బహుమతి వచ్చిన పుస్తకాలన్నీ చదవమని బడిలో టీచరు ఏ ముహూర్తాన చెప్పిందో గాని, పిట్టకి అదే లోకమైపోయింది. అక్క పోయి ఏడాది దాటింది. బావ దూరప్రయాణాల బస్సు నడుపుతాడు, ఇంటిపట్టున ఉండే రోజులు తక్కువ. అందుకని పిన్ని పెట్టే బేడా సర్దుకుని ఇక్కడికే వచ్చేసింది.

తల్లి పోయిన రోజు పిట్ట ఏడవలేదు. ఆ తర్వాతా ఏడవలేదు. వేళకి అన్నం తింది, బడికి వెళ్ళింది, 'అమ్మ' అనే మాట మాత్రం నోట్లోంచి రానివ్వలేదు. పిన్నికి అదే బెంగ. ఎక్కడో ఆ మాట తగిలి పిల్ల కుప్పకూలిపోతే పట్టుకోవడం తన వల్లవుతుందా? అందుకే తానూ ఇంట్లో అక్క ఊసెత్తడం మానేసింది. పుస్తకాలు కూడా ముందు తను చదివి, తల్లి బతికి ఉందని తేలాకే పిల్లకివ్వాలని గట్టిగా నిర్ణయించుకుంది.

ఆవిడ పనిచేసేది కళ్ళద్దాల షాపులో. లెన్సు అరగదీసే మిషను ఒక పక్క గుయ్యిమంటుంటే, ఇంకో పక్క ఒళ్ళో నవల. "ఏమ్మా, పరీక్షలకి కడుతున్నావా?" అని షాపు ముసలాయన ఎగతాళి. కొన్నాళ్ళకి ఆవిడ చెయ్యి తిరిగింది. మొదటి పేజీలో తల్లి దగ్గిందంటే చాలు, సంగతి అర్థమైపోయేది. అర్థమైనా చదివేది, చదివి ఏడ్చేది. ఒకసారి అలా ఏడుస్తూ బిగించిన ఫ్రేము పెట్టుకెళ్ళిన పెద్దాయన మర్నాడే తిరిగొచ్చి, "లోకమంతా ఒక పక్కకి ఒరిగిపోయిందేంటమ్మా?" అన్నాడు.

తల్లి పోయిందా, అక్కడితో ఆ పేజీ మూల మడిచి పుస్తకం మూసేసేది. తిరిగిచ్చే గడువు వరకు అది బీరువాలో దుప్పట్ల కింద ఉండేది. "అది దొరకలేదే, ఎవరో తీసుకెళ్ళారట" అని పిట్టతో అబద్ధమాడేది. పిట్ట "ఊఁ" అనేది.

ఒక ఆదివారం పొద్దున పిన్ని కూరలు కొనుక్కుని వచ్చేసరికి బీరువా తలుపు తీసి ఉంది. పిట్ట దాని ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఒళ్ళో, దాచిన పుస్తకం.

"ఎవరు తియ్యమన్నారే దాన్ని? ఇటివ్వు!"

"అయిపోవచ్చింది పిన్నీ, ఉండు." పిట్ట తలెత్తలేదు. "మిగతావన్నీ ఎప్పుడో చదివేశాను."

"అన్నీనా?"

"దుప్పట్లు మడతపెట్టేది నేనే కదా."

పిన్ని సంచీతో సహా చతికిలబడింది. ఇన్నాళ్ళ కాపలా బూడిదలో పోసిన పన్నీరైంది. పిట్ట మడిచిన పేజీ తిప్పి చూపించింది.

"ప్రతిదాంట్లో మూల ఇక్కడే మడుస్తావు. అమ్మ చనిపోయిన దగ్గర. ఆ తర్వాత ఒక్క పేజీ అయినా చదివావా?"

"ఎందుకే చదవడం? అయిపోయింది కదా!"

"అయిపోలేదు. ఇంకా సగం పుస్తకం ఉంది."

"ఏముంటుంది ఆ సగంలో?" అని అడిగింది పిన్ని.

"ఏముంటుంది, ఆ అమ్మాయి బడికెళ్తుంది. చెప్పులు బిగువైపోతాయి, కొత్తవి కొనిపెట్టమని అడగడానికి మొహమాటపడుతుంది. ఒకరోజు నవ్వొస్తుంది. నవ్వితే తప్పేమోనని భయపడుతుంది. ఇంకా..." పిట్ట అట్ట మీది బిళ్లని గోటితో గీరింది. "ఎవరో ఒకర్ని అడుగుతుంది. మా అమ్మ చివర్లో ఏమందని."

పిన్ని సంచీ పక్కన పెట్టి దగ్గరికి జరిగింది.

"ఆ రోజు నన్ను పక్కింట్లో కూర్చోబెట్టారు. ఆస్పత్రిలో నువ్వే ఉన్నావు. అడిగితే నువ్వు ఏడుస్తావు, మళ్ళీ నిన్నెవరు ఊరుకోబెడతారని అడగలేదు."

ఓసి నీ తెలివి తెల్లారా, అనుకుంది పిన్ని. ఏడాదిగా నేను నిన్ను కాస్తున్నాననుకుంటే, నువ్వా నన్ను కాస్తున్నది! చెప్పేసింది, ఎందుకంటే ఇంక దాచడానికి ఏ దుప్పటీ చాలదు.

"నీ జడ గురించి అందే. 'దాని జడ గట్టిగా లాగి వెయ్యకు, పిల్లకి తలనొప్పి వస్తుంది' అంది. తర్వాత నిద్రపట్టింది. మళ్ళీ లేవలేదు."

పిట్ట చెయ్యి తనంతట తానే తల మీదకి వెళ్ళింది.

"మా అమ్మ అంతగా చెప్పినా, రోజూ లాగి చంపుతున్నావు కదా పిన్నీ!" అని నవ్వబోయి, భోరుమంది.

ఏడాది ఏడుపు అది. పిన్ని భయపడిన ఏడుపు. పిల్లని ఒళ్ళోకి లాక్కుంటే, పట్టుకోవడం తన వల్ల అయింది. తనూ ఏడ్చింది, ఎవరూ ఎవరినీ ఊరుకోబెట్టలేదు. సంచీలోంచి దొర్లిన టమాటాలు మంచం కిందకి పోయాయి.

చివరికి పిట్ట ముక్కు తుడుచుకుని, "ఇంకేమంది అమ్మ?" అని అడిగింది.