రన్‌వే మీద ధాన్యం

పులిహోర డబ్బాకి మూత పెడుతున్నప్పుడే బాలసరస్వతికి తెలుసు, ఇవాళ మళ్లీ ఆ కథ వినక తప్పదని. భర్త స్నేహితుడు విజయ్ కుమార్ భార్యతో హైదరాబాదు నుంచి దిగాడు. కొల్లేటికోట వెళ్లి గూడబాతుల్ని చూడాలి, అంతకుముందు తాడేపల్లిగూడెంలో వింతలేమన్నా ఉంటే అవీ చూడాలి. గూడెంలో వింతంటే ఇంకేముంది, యుద్ధకాలంలో తెల్లవాళ్లు వేసి వదిలేసిపోయిన రన్‌వే. దానిమీద విమానం దిగగా చూసినవాళ్లు ఇప్పుడెవరూ లేరు. కోతలప్పుడు రైతులు ధాన్యం ఆరబోసుకుంటారు, మిగిలిన మేర జనం బళ్లు నేర్చుకుంటారు.

కారు ఆగీ ఆగకముందే భర్త అమరేశ్వరరావు మొదలుపెట్టాడు.

"ఇదిగో, ఇక్కడేనండీ. పెళ్లయిన కొత్తలో మా ఆవిడకి స్కూటర్ నేర్పుదామని తీసుకొచ్చాను. ఇంత వెడల్పు చోటు వదిలేసి, తిన్నగా వెళ్లి రైతు ధాన్యం మీదికి ఎక్కించేసిందండీ. అదీ ధాన్యం వ్యాపారం చేసే ఇంటి కోడలు."

అందరూ నవ్వారు. ఈ కథలో చివరిమాట బాలసరస్వతిది. "నాకు ఎడ్లబండే ఎక్కువండీ" అనాలి. ఇరవై రెండేళ్లుగా అంటోంది. ఇవాళా అనేసింది.

నవ్వులాటతో పోయిందా అది? గింజ మీద కాలు పడితే కళ్లకద్దుకునే ఇల్లు వాళ్లది. పంపిన సరుకు వెనక్కొచ్చినా, బియ్యం ముక్కిపోయినా "లక్ష్మిని తొక్కొచ్చిన కాలు మరి" అనేది అత్తగారు. కొత్త బస్తా విప్పుతుంటే కోడల్ని గుమ్మం అవతలే నిలబెట్టేది. బాలసరస్వతి మళ్లీ బండి జోలికి పోలేదు. కూరలకి వెళ్లాలన్నా, పిల్లని బడి నుంచి తేవాలన్నా నడకే.

విజయ్ కుమార్ భార్య, పక్కనే ఉన్న బాలసరస్వతి కూతురు సాహితి వైపు తిరిగింది. "నువ్వైనా నేర్చుకున్నావా అమ్మా?"

"లేదాంటీ. నాకు రాదులెండి. నాదంతా అమ్మ పోలికే" అని, పద్దెనిమిదేళ్ల పిల్ల అచ్చం తల్లిలాగే నవ్వింది.

బాలసరస్వతికి తల కొట్టేసినట్టయింది. ఆ రోజు బండి నడిపింది ఆయన. ఆమె వెనకసీట్లో కుచ్చెళ్లు పట్టుకుని కూర్చుంది. రైతు పరిగెత్తుకొచ్చేసరికి ఆయన చటుక్కున దిగి "మా ఆవిడండీ, నేర్చుకుంటోంది" అన్నాడు. ఆ రైతు మావగారికి ఏటా ధాన్యం అమ్మే మనిషే. "ఆడకూతురు, పోన్లెండి" అన్నాడు. కొత్త పెళ్లికూతురు తలూపింది. మొగుడి పరువు నిలబెట్టానని ఆ పూటంతా లోలోపల మురిసింది కూడా. ఆ మురిపెం తలుచుకుంటేనే ఇప్పుడు ఎక్కువ సిగ్గుగా ఉంది. అబద్ధం ఆయనది, నిజమే. కానీ ఇన్నేళ్లూ దాన్ని మేపింది తను. మేపి మేపి చివరికి కూతురి మీదికే తోలింది.

"సాహితీ" అంది. "నేను ధాన్యం తొక్కలేదమ్మా. ఆ రోజు స్కూటర్ మీ నాన్నగారే నడిపారు. నా చేతికి హ్యాండిలే ఇవ్వలేదు."

ఎవరూ నవ్వలేదు. దూరంగా ఒకావిడ ఎండలో ధాన్యం తిరగేస్తోంది.

అమరేశ్వరరావు గొంతు తగ్గించాడు. "ఇప్పుడెందుకు సరస్వతీ ఇవన్నీ. నలుగురిలో నా పరువు..."

"అది నా పరువండీ. ఇన్నాళ్లూ మీరు వాడుకున్నారు" అని, కారు తాళాల కోసం చెయ్యి చాచింది.