ఎదురింట్లో ఉద్యోగం

అర్థశాస్త్రం లెక్చరరుగారు పదకొండేళ్లు కూర్చుని ఒక పుస్తకం రాశారు. వస్తువుకి విలువ ఎక్కణ్ణుంచి వస్తుందో పెద్దలు కాలానికో మాట అన్నారు. నేల నుంచని కొందరు, చెమట నుంచని కొందరు, కొనేవాడి కోరిక నుంచని ఇంకొందరు. ఆ వాదాలన్నీ అందులో ఉన్నాయి. అచ్చుతప్పులు దిద్దింది ఆయన భార్య. ఆఖరి పేజీ దిద్ది, కలానికి మూత పెట్టి ఒక్క మాట అడిగింది.

"ఏమండీ, నాలుగొందల పేజీల్లో వంటిల్లు ఎక్కడా లేదేం?"

"ఇంటిపని బజారుకి రాదు కదే. ధర లేనిదాన్ని దేశాదాయంలో ఎలా కలుపుతారు? జీతానికి చేస్తే కలుపుతారు."

"ఎవరింట్లో చేసినా?"

"ఎవరింట్లో చేసినా," అన్నారాయన పేపర్లోంచి తలెత్తకుండా.

సోమవారం మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చేసరికి, ఎదురింటి బస్సు డ్రైవరు భార్య ఆయన వంటింట్లో కూర కలుపుతోంది.

"చేతులు కడుక్కోండి సార్, వడ్డించేస్తాను."

ఆయన గుమ్మంలోనే బిగుసుకుపోయారు. నిన్నటిదాకా నోరారా "అన్నయ్యగారూ" అని పిలిచిన మనిషి!

"మా ఆవిడేదమ్మా? ఒంట్లో బాగాలేదా?"

"నిక్షేపంగా ఉన్నారు. మా ఇంట్లో వంట చేస్తున్నారు. నేనిక్కడ, ఆవిడక్కడ. మీరు నాకు, మా ఆయన ఆవిడకి ఇచ్చే జీతం ఒకటే. ఆదివారం సెలవు."

చెప్పులు కూడా వేసుకోకుండా ఆయన ఎదురింటికి పరిగెత్తారు. అక్కడ డ్రైవరు ముద్ద చేత్తో పట్టుకుని, నోట్లో పెట్టుకోవడం మర్చిపోయి కూర్చున్నాడు. లెక్చరరుగారి భార్య గిన్నెలు తోముతోంది.

"ఇదేం పనే? నలుగురూ ఏమనుకుంటారు?"

"మీరు చెప్పిందేగా. పని మారలేదు, గుమ్మం మారింది. పెళ్లైన ఇరవయ్యారేళ్లకి నేను లెక్కలోకొచ్చాను."

ఆ గొంతులో కోపం లేదు, నిష్ఠూరం లేదు.

ఆయన ఇంటికొచ్చి పుస్తకంలో కృతజ్ఞతల పేజీ తీశారు. లైబ్రరీ గుమాస్తాకి పేరు పెట్టి మరీ దండాలు. భార్యకి మాత్రం "ఆమె సహనానికి" అని రెండే ముక్కలు. రాసింది ఆయనే, పదిసార్లు చదువుకున్నదీ ఆయనే. బీరువా అంతా వెతికితే ఇంటిపని విలువ గురించి ఎవరెవరో ఆడవాళ్లు రాసిన పుస్తకాలు మూడు దొరికాయి. ఎప్పుడో తనే కొన్నవి. ఒక్కటీ తెరిచిన పాపాన పోలేదు.

మర్నాడు ప్రచురణకర్త దగ్గరికి వెళ్లి పుస్తకం వెనక్కి అడిగారు.

"రేపు అచ్చుకెళ్తోంది సార్!"

"ఒక అధ్యాయం రాయడం మర్చిపోయాను."

ఆదివారం రెండిళ్లలోనూ ఆడవాళ్లు పొయ్యి వెలిగించలేదు. లెక్చరరుగారు వండిన అన్నం అడుగంటింది. భార్య అదే తిని, కొత్త అధ్యాయం ముందేసుకుని నాలుగు తప్పులు దిద్దింది.

"బాగా రాశారు."

ఆయన ప్రాణం లేచొచ్చింది. "అయితే రేపట్నుంచి మనింట్లోనేగా?"

"రేపు ఎలా కుదురుతుందండీ? నాకు డ్యూటీ ఉంది," అని ఆవిడ దీపం ఆర్పి పడుకుంది.