అంబాసిడర్ కోసం పసుపు

నా భార్య త్రివేణి పోయిన రోజు ఆమె అంబాసిడర్ కారు వాకిట్లోనే ఉంది. ఆమెను అందులో దవాఖానకు తీసుకుపోయేవాళ్లు లేరు. మా ఇంట్లో డ్రైవింగ్ వచ్చింది ఆమె ఒక్కదానికే. ఆటో దొరికేసరికి ఆలస్యమైంది.

ఆ కారును ఆమె ఏళ్ల తరబడి కిరాయికి నడిపింది. భీమ్‌గల్ నుంచీ నందిపేట్ నుంచీ కాన్పులకు ఎంతమందిని నిజామాబాద్ చేర్చిందో నాకు తెలియదు. నేను ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేవాణ్ణి, నడిచి వెళ్లేవాణ్ణి.

రెండు వానాకాలాలు తాళం తీయలేదు. తీసేసరికి కింది రేకు తుప్పు పట్టి రాలుతోంది, ఇంజిన్ బిగుసుకుపోయింది. మెకానిక్ మొహసిన్ చుట్టూ తిరిగి చూశాడు.

"అయితది సార్. గాని మీ జీతంతోని కాదు."

సంగతి తెలిసి దయానంద్ వచ్చాడు. ఆయన పసుపు వ్యాపారి, ఫంక్షన్ హాల్ కూడా ఉంది.

"ఖర్చంత నాది సార్. రంగేపిచ్చి హాల్ ముంగట పెడ్త. పెండ్లి జంటలు గండ్ల కూసోని ఫొటోలు దిగుతరు. అక్క పేరు గూడ రాపిస్త."

"ఇంజిన్?"

"నిలవడే కారుకు ఇంజిన్ ఎందుకు?"

"అయితే వద్దు."

"మీకు స్టీరింగ్ పట్టుడే రాదు గద!"

"నేర్చుకుంట."

"పైసలెవరిస్తరు?"

"అడుగుత. ఎరుక లేనోళ్లను."

బంధువులను అడగదలచుకోలేదు. వాళ్లు ఇచ్చే ముందు బుద్ధులు చెబుతారు.

అప్పుడు ఒంటిపూట బడులు. బడి కాగానే మార్కెట్ యార్డులో పసుపు కుప్పల మధ్య నిలబడ్డాను. "మా ఇంటామె కారు పాడైంది. బాగు చేపియ్యాలె. మీకు తోచింది ఇయ్యుండ్రి." అంతే అన్నాను. ఆమె లేదని చెప్తే ఎక్కువ ఇచ్చేవారేమో. చెప్పలేదు.

పంట ఇంకా అమ్ముడుపోని రైతుల దగ్గర నోట్లెక్కడివి? కుప్పలోంచి దోసెడు పసుపు తీసి ఇచ్చారు. గోనె సంచి ఒకటి వెతుక్కున్నాను.

"కారుకు అడుక్కునుడు గిప్పుడే చూస్తున్న," అన్నాడొకతను. "రేపు పెట్రోల్‌కు గూడ వస్తవా సారూ?"

"వస్త."

ఆయన నవ్వి ఇంకో దోసెడు పోశాడు.

సంచి నిండాక దయానంద్ అటు వచ్చి చెయ్యి పెట్టి చూశాడు.

"కొమ్ము, మండ కలిపేసిన్రు సార్. వేర్వేరుగ ఉంటెనే ధర. గిట్ల ఎవడు కొంటడు? గిప్పుడన్న నా మాట ఇనుండ్రి."

సంచి నేల మీద గుమ్మరించాను. కూర్చుని, పొడుగాటి కొమ్ములు ఒక పక్కకు, గుండ్రటి మండలు ఇంకో పక్కకు ఏరసాగాను. దయానంద్ వెళ్లిపోయాడు.

పక్క కుప్ప నందిపేట్ రైతు నీలవ్వది. చాలాసేపు చూసి ఊరుకోలేకపోయింది.

"గిట్ల ఏరితె పొద్దుగూకుతది. మీ ఇంటామెను పంపరాదు సారూ? కారేమో ఆమెది, కష్టం నీదా?"

"ఆమె లేదు."

నీలవ్వ నా కుప్పలో సగం తన ముందుకు లాక్కుంది.

మర్నాడు వేలంలో రెండు కుప్పలూ అమ్ముడుపోయాయి. ఆ సీజనంతా అలాగే అడిగాను, రెండు సంచులు పట్టుకుని.

వచ్చింది ఇంజిన్‌కు సరిపోయింది. మొహసిన్ షెడ్డులో అది మళ్లీ స్టార్టయిన రోజు నేను బయటే నిలబడి విన్నాను.

కింది రేకు మార్చాలి. రంగు వేయించాలి. నాకింకా డ్రైవింగ్ రాదు.