ఇరవయ్యో టీచరు

మా ఎనిమిదో తరగతి పిల్లలచేత బడి గురించి ఒక చిన్న పుస్తకం రాయించాను. కథా వద్దు, కాకరకాయా వద్దు, సమాచారం కావాలన్నాను. వెళ్లి కళ్లతో చూడాలి, తెలిసినవాళ్లని అడగాలి, ప్రతి వాక్యానికీ ఆధారం చీటీ జతచేయాలి. మూడుసార్లు తిరగరాశాకే అచ్చు. ఎవరి మొహమాటం కోసమూ నిజం మార్చకూడదని చెప్పి చెప్పి నా గొంతు పోయింది.

లెక్కల టీచరు మా అక్కే. "బంగారం లాంటి పిల్లల్ని పోలీసుల్ని చేస్తున్నావే," అని స్టాఫ్‌రూములో నన్ను ఏడిపించేది. నాలుగు మెట్లెక్కితే అక్కకి ఆయాసం, ఛాతీలో నొప్పి. డాక్టరు సెలవు పెట్టమంటే చెవిన పెట్టేది కాదు.

నా క్లాసులో ఒక పిల్లని అందరూ టేపు అంటారు. కనబడిందల్లా కొలుస్తుంది. మొదటి ప్రతిలో లైబ్రరీకి రెండు కిటికీలని రాసింది. ఉన్నవి మూడు. "కళ్లెక్కడ పెట్టుకున్నావే?" అని కసిరాను. వారం తిరక్కుండానే బీరువా పెట్టడానికని ఒక కిటికీని ఇటుకలతో మూసేశారు. రెండో ప్రతిలో ల్యాబులో కుళాయిలు నాలుగంది. ఐదని దిద్దాను. ఆ సాయంత్రమే ఒకటి ఊడితే, ప్లంబరు దానికి మూత బిగించి పోయాడు. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు, ప్లంబర్ల మీద అసలే లేదు. అందుకే పట్టించుకోలేదు.

శుక్రవారం మూడో ప్రతి ఇచ్చింది. "మా బడిలో టీచర్లు పంతొమ్మిది మంది."

మేం ఇరవై మందిమి. కిటికీ, కుళాయి గుర్తొచ్చాయి.

"ఎవరు చెప్పారే నీకు?"

"ఎవరూ చెప్పలేదు టీచర్. ఇందాక టీచర్ల మీటింగప్పుడు స్టాఫ్‌రూము గుమ్మంలో నిలబడి మూడుసార్లు లెక్కపెట్టాను."

"మా అక్క ఉందా?"

"ఆవిడ కుర్చీ ఉంది టీచర్."

ఆ మీటింగంతా అక్క ఆ కుర్చీలోంచి కదల్లేదు. ఎదురుగా నేనే కూర్చున్నాను.

"ఇరవై అని మార్చు."

"చూడంది ఎలా రాస్తాను టీచర్? వద్దన్నది మీరే కదా."

నా పాఠం నాకే అప్పజెప్పింది. లాగి ఒక్కటి ఇద్దామన్నంత కోపం వచ్చింది. అంతకన్నా ఎక్కువ భయం వేసింది. పిల్లలు వెళ్లిపోయాక కంప్యూటరు ముందు కూర్చుని ఆ అంకె నేనే మార్చాను. ఆధారం దగ్గర నా పేరు టైపు చేశాను. శనివారం యాభై ప్రతులు అచ్చయి లైబ్రరీకి చేరాయి.

ఆదివారం మధ్యాహ్నం, అన్నాల దగ్గర, అక్క పక్కకి ఒరిగిపోయింది. డాక్టరు వచ్చి నాడి చూసి తల అడ్డంగా ఊపాడు. చల్లబడిన చెయ్యి పట్టుకుని గుండెలవిసేలా ఏడ్చాను. ఆయన మరణ పత్రం రాస్తుండగానే అక్క లేచి కూర్చుంది. "రేపు పిల్లలకి పరీక్ష ఉంది," అంది. డాక్టరు పొరపాటైందని చెంపలేసుకుంటూ వెళ్లిపోయాడు.

గెలిచాననుకున్నాను.

సోమవారం నుంచి అక్క అందరికన్నా ముందే బడికి వచ్చేది. మెట్లెక్కితే ఆయాసం లేదు. ముక్కు దగ్గర అద్దం పెట్టి చూశాను, మసక పట్టలేదు. మెతుకు ముట్టదు, కన్ను మూయదు, నన్ను ఏడిపించదు. ఆమె క్లాసులో అల్లరి మూక కూడా నోరు మెదపడం మానేసింది.

గురువారం ఖాళీ పీరియడులో వచ్చి నా పక్కన కూర్చుంది.

"బాగా అలిసిపోయానే. వెళ్దామంటే ఎవరో కొంగు పట్టుకుని ఆపుతున్నట్టుంది. నువ్వేనా?"

అక్కకి అబద్ధం చెప్పి నేను ఏనాడూ తప్పించుకోలేదు.

"నేనే అక్కా."

"వదిలెయ్యవే," అంది. లేచి తన క్లాసుకి వెళ్లిపోయింది.

లైబ్రరీలో యాభై ప్రతులూ బల్ల మీద వేసుకున్నాను. టేపు వచ్చి ఎదురుగా కూర్చుంది. ఏమీ అడక్కుండా ఒక్కో పుస్తకం ఆ పేజీ దగ్గర తెరిచి అందించింది. ఏడుస్తూనే ఇరవై కొట్టేసి పంతొమ్మిది వేసుకుంటూ పోయాను. చివరిది మాత్రం మూసి ఒళ్లో పెట్టుకున్నాను.

"అదొక్కటే ఉంది టీచర్," అంది పిల్ల మెల్లగా.

పై అంతస్తులో అక్క లెక్క చెబుతోంది. బెల్లు కొట్టేదాకా విన్నాను. తర్వాత దిద్దాను.