ఒక తల, రెండు నొప్పులు

దర్జీ ఆవిడకు తలనొప్పి మొదలై నాలుగేళ్లయింది. కళ్ల డాక్టరు రెండుసార్లు అద్దాలు మార్చాడు. ముక్కు డాక్టరు సైనస్ అన్నాడు. మూడో ఆయనైతే రాస్తున్న చీటీ మీంచి తలెత్తకుండానే, "టెన్షన్ తగ్గించుకోండమ్మా" అన్నాడు. అది విన్నాక ఆమెకు లేని టెన్షన్ కూడా పట్టుకుంది.

ఇంట్లో ఆడపడుచు ఇంకో ఆకు ఎక్కువే చదివింది.

"నిన్న తల పట్టుకుంటూనే కుట్టుకున్నావు కదా వదినా. ఇవాళేమో తలుపులేసుకుని, మాట వినపడితే చాలు కసురుతున్నావు. రోజుకో రకం తలనొప్పేంటి?"

ఆమెకు ఒళ్లు మండిపోయింది. నిజంగానే అది రోజుకో రకంగా ఉండేది మరి. ఆ సంగతి ఏ డాక్టరుకూ చెప్పలేకపోయింది, ఎవరూ అడగనూ లేదు.

నాలుగో డాక్టరు కోసం రెండు గంటలు బెంచీ మీద కూర్చుంది. లోపలున్నది చిన్న వయసు అమ్మాయి.

"నొప్పి ఎలా ఉంటుందమ్మా?"

"ఏ నొప్పండీ?" దర్జీ ఆవిడ విసుక్కుంది. "సాయంత్రానికి తల చుట్టూ నాడా బిగించి కట్టినట్టుండేదా? కుడి కణత దగ్గర దబదబా కొట్టుకుంటూ, వెలుతురు చూడనివ్వక, వాంతి చేయించేదా?"

డాక్టరు రాయడం ఆపేసింది. ఏది ఎన్నాళ్లకోసారి వస్తుందో, ఎంతసేపుంటుందో ఒక్కొక్కటే అడిగింది.

"మీకున్నవి రెండు రకాలమ్మా. బిగుసుకునేది టెన్షన్ తలనొప్పి. అంటే మీరు బెంగపెట్టుకుని తెచ్చుకున్నారని కాదు. మిషను మీద వంగి మెడ పట్టేయడం కూడా దానికి తోడవుతుంది. కణత నొప్పి మైగ్రేన్. మాత్రలేమైనా వేసుకుంటున్నారా?"

"దాదాపు రోజూ."

"రోజూ వేసుకుంటే అవే నొప్పిని పెంచుతాయి."

నొప్పికి పేరు దొరికిందని సంతోషించాల్సింది పోయి దర్జీ ఆవిడకు ఏడుపొచ్చేంత కోపం వచ్చింది. "ఈ నాలుగు ప్రశ్నలు అడగడానికి నాలుగేళ్లు పట్టిందా అండీ?"

డాక్టరు ఆ రోజువారీ మాత్రలు మానేయమంది. మైగ్రేన్‌కు వేరే మాత్ర రాసి, మెడకు వ్యాయామం చూపించి, ఏ రోజు ఏ నొప్పి వచ్చిందో రాసుకోమంది.

రోజూ వేసుకునే మాత్రలు మానేసిన మొదటి రెండు వారాలూ నరకం చూసింది. మూడో నెలకు మైగ్రేన్ నెలకొకసారికి దిగింది. మెడ బిగుసుకోవడం మాత్రం పూర్తిగా పోలేదు.

ఒకరోజు మధ్యాహ్నం, తను పనిచేసే దుకాణంలో ప్యాంటు కుడుతుండగా కణత కొట్టుకోవడం మొదలైంది. వెంటనే మాత్ర వేసుకుని మిషను ఆపేసింది.

"మళ్లీ తలనొప్పేనా?" అన్నాడు దుకాణం యజమాని, ముఖం చిట్లించి.

"మైగ్రేనండీ. ఆ ప్యాంటు రేపు కుడతాను," అని సంచీ తీసుకుని, అతని గొణుగుడు వినకుండా వెళ్లిపోయింది.