అన్ని డబ్బాలకూ ఒకటే పేరు

ఇచ్చోడలో నా పత్తి కొనుగోళ్లు చూసే లింగమూర్తి ధర నోటితో చెప్పడు. రుమాలు కింద రైతు వేళ్లు పట్టి చెబుతాడు. పన్నెండేళ్లలో ఆ సంగతి పక్క దుకాణానికి పొక్కలేదు.

1998లో కరీంనగర్‌లోని పెద్ద దుకాణాన్ని ఇచ్చోడ, ఖానాపూర్ దుకాణాలతో కంప్యూటర్ల మీద కలిపించాను. అక్కడ తూకమైన ప్రతి బండీ ఇక్కడ కనబడుతుంది. ఆ ఏడే దెబ్బ మొదలైంది. ఇచ్చోడకు బండ్లు విరగబడి వచ్చిన రోజు పది గంటలకల్లా నా పోటీదారు సీతారాంరావు మనుషులు లారీతో దిగి నాకన్నా పైధర పెట్టేవారు. బండ్లు పలచబడిన రోజు ఒక్కడూ కనబడేవాడు కాదు. కబురు అందనిదే ఇంత గురి కుదరదు. కబురు పంపగలవాడు ఒక్కడే.

మార్కెట్ యార్డులో నలుగురి ముందే లింగమూర్తి దగ్గర దుకాణం తాళంచెవులు తీసుకున్నాను.

"రుమాల కిందికెల్లి నా మాట ఎన్నడు బయటికి రాలే, సావుకారీ," అన్నాడు. అంతే, వెళ్లిపోయాడు.

కాటా దగ్గర మా అల్లుడిని కూర్చోబెట్టాను. ఎనిమిదో రోజు లారీ మళ్లీ దిగింది.

అప్పుడు కంప్యూటర్లు పెట్టిన ఇంజనీరును పిలిపించాను. అతను కరీంనగర్‌లోనే కూర్చుని 'పబ్లిక్' అని కొట్టాడు. ఇచ్చోడ కంప్యూటర్‌ను ఫోను లైనుకు కలిపే డబ్బా, పొద్దుటినుంచి తన గుండా ఎంత సమాచారం పోయిందో అంకెలు చెప్పేసింది. బండ్లు ఎక్కువైతే అంకెలూ ఎక్కువే.

"గిది ఎవరడిగినా చెప్తదా?"

"'పబ్లిక్' అన్న ఆ పేరు తెలిస్తే చెబుతుంది సార్. దాన్ని కమ్యూనిటీ పేరంటాం, తాళంచెవి లాంటిది. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు అన్ని డబ్బాలకూ అదే ఉంటుంది."

"సీతారాంరావు డబ్బాలు ఎవలు పెట్టిన్రు?"

"మేమే సార్. మీదీ వారిదీ ఒకే లైను మీద ఉన్నాయి. అక్కడ కూర్చుని ఆ పేరు కొట్టినా మీ డబ్బా చెబుతుంది."

"మరి నా డబ్బా పేరు మార్చలేదేంది?"

"మీరు అడగలేదు కదా సార్."

"తాళం కొన్నోడు, ఊరందరి తాళంచెవి దానికి పట్టొద్దని వేరుగ అడగాల్నా? నీ నిర్లక్ష్యానికి నా మనిషిని దొంగను చేసిన గదనయ్యా."

అతను తల దించుకుని, కొత్త పేరేం పెట్టాలన్నాడు.

"లింగమూర్తి పెడ్తడు. రేపు ఇచ్చోడకు రా."

ఆ సాయంత్రమే లింగమూర్తి గడప ముందు నిలబడి తాళంచెవులు చాపాను. జీతం పెంచమంటాడనుకున్నాను. ఎంతవరకు ఒప్పుకోవాలో బస్సులోనే లెక్క వేసుకున్నాను.

అతను చెయ్యి చాపలేదు.

"ఇంటికాడ ఇస్తే ఎట్ల సావుకారీ? నల్గురు ఉన్నకాడ గుంజుకున్నవు. గాడనే ఇయ్యి."

బేరమాడడానికి అందులో ఏమీ లేదు. తెల్లవారి బండ్లు నిండిన వేళకు తాళంచెవులు పట్టుకుని యార్డుకు వెళ్లాను.